నల్లగొండలో ఇత్తడి లెన్సుకు చేయించిన మరమ్మతు

మా తాతగారు నారాయణపేటలో నడిపిన ఫోటో స్టూడియో నుంచి మా ఇంటికి చేరినవి రెండే వస్తువులు. ఒకటి అలప్పుజలో తయారైన వాగేశ్వరి చెక్క కెమెరా, రెండవది దాని ముందు పలకకు బిగించి ఉన్న ఇత్తడి పోర్ట్రెయిట్ లెన్సు. కెమెరా కంటే లెన్సు చాలా పాతది. తాతగారు దానిని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొన్నారని మాత్రమే నాన్నగారికి తెలుసు. గత ఏడాది ఆ లెన్సును నల్లగొండలో ఒక వృద్ధుడైన పనివాని చేత శుభ్రం చేయించి, బాగు చేయించాను. పని ఎలా జరిగింది, ఎంత ఖర్చయింది, నాకు ఎక్కడ అసంతృప్తి మిగిలింది అన్న సంగతులు, ఇంట్లో ఇటువంటి లెన్సు పెట్టుకొని ఏం చేయాలో తోచని వారికి ఉపయోగపడతాయని ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు వేయవద్దని ఆయన కోరారు. సహాయకులు లేకుండా ఒక్కరే పని చేస్తారు కాబట్టి నెలకు రెండు మూడు పనులకు మించి ఒప్పుకోలేరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆలస్యం జరిగింది, ఒకటి రెండు లోపాలు మిగిలాయి. అయినా ఈ లెన్సును మళ్ళీ ఎవరికైనా అప్పగించవలసి వస్తే ఆయనకే అప్పగిస్తాను. ఆయన చేసిన పని బాగుంది. చేయనని నిరాకరించిన పని వల్ల నాకు కలిగిన మేలు అంతకంటే పెద్దది.

ఆ మాట అర్థం కావాలంటే లెన్సు సంగతి కొంత చెప్పాలి. ఇది పెట్జ్వాల్ రకం లెన్సు. 1839లో ఫోటోలు తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగ్వెరె పద్ధతి లోకానికి వెల్లడైనప్పుడు వాడుకలో ఉన్న కటకాలు తగినంత వెలుగును లోపలికి పంపలేకపోయేవి, అందువల్ల ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చుంటే తప్ప మనిషి బొమ్మ వచ్చేది కాదు. వియన్నాలో గణితశాస్త్రం బోధించే జోసెఫ్ పెట్జ్వాల్ 1840లో లెక్కగట్టి రూపొందించిన కటకం ఎఫ్ 3.6 అనే పెద్ద ద్వారంతో ఆ కష్టాన్ని తీర్చింది; ఫోక్ట్‌లాండర్ సంస్థ దానిని తయారు చేసింది; తరవాతి అరవై ఏళ్ళలో ఐరోపాలోని ఎందరో తయారీదారులు అదే నమూనాను అనుసరించారు. ముందు భాగంలో రెండు గాజులు ఒకదానికొకటి అంటించి ఉంటాయి, వెనక భాగంలో మరో రెండు గాజులు నడుమ గాలి ఖాళీతో విడివిడిగా ఉంటాయి. బొమ్మ మధ్యభాగం కత్తిలా తేటగా వచ్చి, అంచుల్లో ఆకులూ కొమ్మలూ సుడి తిరిగినట్లు కనిపించడం దీని స్వభావం. మా లెన్సు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 210 మిల్లీమీటర్లు, ముందు గాజు వెడల్పు 58 మిల్లీమీటర్లు. గొట్టం మీద తయారీదారు పేరు లేదు, ఒక సంఖ్య మాత్రమే చెక్కి ఉంది. గొట్టం నడుమ సన్నని కోత ఉంది. రకరకాల రంధ్రాలున్న రేకులను అందులో దోపి వెలుగును తగ్గించుకునే పద్ధతిని జాన్ వాటర్‌హౌస్ 1858లో ప్రవేశపెట్టాడు; ఆ కోత తరవాత ఎవరో వేసింది కాకపోతే, లెన్సు అంతకు ముందుది కాదని చెప్పవచ్చు. రేకులు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

దీనికి జరిగిన నష్టంలో మొదటి భాగం మా ఇంట్లోనే జరిగింది. దసరా ఆయుధపూజ నాడు స్టూడియోలోని పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టడం మా ఆచారం. ఇత్తడి బిందెలతో పాటు లెన్సు ముందు తొడుగును కూడా విప్పి చింతపండుతో తోమేవారట. చింతపండులోని పులుపు ఇత్తడి మీది నల్లదనాన్ని కరిగించి బంగారంలా మెరిసేటట్టు చేస్తుంది, అది నిజమే. కానీ తయారీదారు దాని మీద పూసిన లక్క పూత ఏటేటా ఆ రాపిడికి పోయింది, పూత పోయిన ఇత్తడి మరుసటి ఏడాదికి మరింత త్వరగా నల్లబడింది, నల్లబడిన కొద్దీ మరింత గట్టిగా తోమారు. చివరికి తొడుగు అంచు ఒకచోట గులాబీ రంగుకు తిరిగింది. ఇత్తడి అంటే రాగి, యశదం కలిసిన లోహం. పులుపు పదేపదే తగిలితే యశదం ముందుగా కరిగిపోయి రాగి బయటపడుతుంది. ఇందులో నేను ఎవరినీ తప్పు పట్టను. మన ఇళ్ళలో ఇత్తడిని గౌరవించే పద్ధతి అదే.

రెండవ నష్టానికి బాధ్యత నాది. నల్లగొండ వెళ్ళడానికి నాలుగేళ్ళ ముందు గాజుల్లో బూజు కనిపించి, హైదరాబాదులో ఒక కెమెరా మరమ్మతు దుకాణానికి ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చారు. ముందు ఉంగరాన్ని మోటారు చక్రం మీద మెరుగు పెట్టారు, గొట్టాన్ని స్పిరిట్‌తో తుడిచారు. చూడగానే కొత్త వస్తువులా అనిపించి సంతోషించాను కూడా. ఇంటికి వచ్చి కెమెరాకు బిగించి, నల్లబట్ట కప్పుకొని గ్రౌండ్ గ్లాస్ మీద, అంటే కెమెరా వెనక బొమ్మ కనిపించే గరుకు గాజు పలక మీద చూస్తే, ఎదుటి వేపచెట్టు ఆకులు మధ్యభాగంలో కూడా పొగమంచులో ఉన్నట్లు మసకగా ఉన్నాయి. ఎంత ముందుకు జరిపినా, వెనక్కి జరిపినా తేట రాలేదు. చెక్కిన సంఖ్యలో చివరి రెండు అంకెలు అరిగి, గీతల్లో నింపిన నల్లమైనం పోయింది. మళ్ళీ ఆ దుకాణానికి వెళితే పాత లెన్సులు ఇలాగే ఉంటాయని చెప్పారు.

నల్లగొండ పెద్దాయన సంగతి నాకు తెలిసింది ఒక రిటైర్డ్ సర్వేయరు ద్వారా. పెద్దాయన తండ్రిగారు నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్మాణ కాలంలో, అంటే 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి 1967లో ఆనకట్ట జాతికి అంకితమయ్యే వరకూ, కాలువల సర్వేలో కోణాలు కొలిచే థియోడలైట్లు, ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెళ్ళు బాగుచేసేవారట. ఆ పరికరాలు చాలావరకు ఇత్తడితో చేసినవే. లోపల చిన్న కటకాలు, సన్నని మరలు, లక్క పూత, అన్నీ పాత కెమెరా లెన్సులో ఉండేవే. కొడుకు ఆ పని చిన్నతనం నుంచి నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ పరికరాలు వాడేవారు లేరు కాబట్టి దుర్భిణులు, మైక్రోస్కోపులు, అరుదుగా ఇటువంటి లెన్సులు ఆయన దగ్గరికి వస్తున్నాయి. గడియారం సెంటరు నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒకే గది ఉన్న దుకాణం అది. ఉత్తరం వైపు కిటికీ, దాని కింద బల్ల, బల్ల అంచుకు రెండు అంగుళాల ఎత్తు పట్టీ, జారిన మర నేల మీద పడకుండా.

మొదటి రోజు ఆయన లెన్సును విప్పనే లేదు. దాదాపు గంటసేపు చూశారు. కిటికీ తలుపు వేసి, ఒక కొవ్వొత్తి వెలిగించి, లెన్సును దాని ముందు అటూ ఇటూ వంచుతూ గాజుల్లో కనిపించే మంట ప్రతిబింబాలను లెక్కపెట్టారు. గాలి తగిలే ప్రతి గాజు ముఖం ఒక స్పష్టమైన ప్రతిబింబాన్ని ఇస్తుంది, రెండు గాజులు అంటించిన చోట మాత్రం చాలా మందమైన ప్రతిబింబం కనిపిస్తుంది. ముందు భాగంలో రెండు స్పష్టమైనవి, ఒకటి మందమైనది. వెనక భాగంలో నాలుగు స్పష్టమైనవి. ఇది పెట్జ్వాల్ నిర్మాణమేనని, గాజులు నాలుగూ ఉన్నాయని అలా తేల్చారు. తరవాత ఒక దూదిపుల్లను స్పిరిట్‌లో తడిపి, గొట్టం లోపల పలకకు ఆనుకొని బయటికి కనిపించని చోట చిన్న చుక్కంత ఆనించి నాకు చూపించారు. దూది లేత పసుపు రంగుకు తిరిగింది.

"చూసిన్రా సార్, లక్క ఇంకా ఉన్నది. సగం గీకిన్రు గని సగం మిగిలింది. ఈ మిగిలినదాన్ని కాపాడుదాం. తోముడు మాత్రం నాతోని కాదు."

నేను అప్పటికి ఆ మాట పూర్తిగా గ్రహించలేదు. ముందు ఉంగరం మెరుస్తూ, గొట్టం మచ్చలు మచ్చలుగా ఉంది కాబట్టి అంతా ఒకే రంగుకు తెస్తారని ఆశించాను. "పెద్దయ్యా, మొత్తం ఒక్క తీరుగ రాదా?" అని అడిగాను. రావడం కష్టం కాదని, అలా చేస్తే లెన్సు పుట్టినప్పటి పూత ఎలా ఉండేదో చెప్పే చివరి ఆధారం పోతుందని ఆయన అన్నారు. ఈ లక్క మన అడవుల్లో మోదుగ చెట్ల మీద, రేగు చెట్ల మీద కాపురముండే పురుగు నుంచి వచ్చేదే. దానిని స్పిరిట్‌లో కరిగించి, కుంకుమపువ్వో పసుపో కలిపి రంగు తెచ్చి, వేడిచేసిన ఇత్తడి మీద ఒక్క ఊపున కుంచెతో పూసేవారు. స్పిరిట్‌లో కరిగే పదార్థం కాబట్టి స్పిరిట్‌తో తుడిస్తే లేచిపోతుంది, కిరోసిన్ తగిలితే ఏమీ కాదు. ఈ చిన్న తేడా తెలియకపోవడం వల్లనే మునుపటి దుకాణంలో గొట్టానికి ఒక వైపు పూత పోయింది. పాత ఇత్తడి లెన్సు ఉన్న ప్రతివారూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇదొక్కటే అయినా ఈ సమీక్ష రాసినందుకు నాకు తృప్తి.

లోపలి గాజులు విప్పడం చూడటానికే నేను రెండవసారి మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా బస్సులు మారి వెళ్ళాను. వెనక గాజుల ఉంగరం ఎంతకూ కదలలేదు. ఇటువంటి చోట పట్టకారు వేస్తే పలుచని ఇత్తడి ఉంగరం గుండ్రదనం కోల్పోతుంది, ఆ తరవాత దాని మరలు ఎన్నటికీ సరిగా కూర్చోవు. ఆయన దగ్గర చంద్రవంక ఆకారంలో కోసి లోపల తోలు అంటించిన చెక్క ముక్కల జతలు పది పన్నెండు ఉన్నాయి. లెన్సు కొలతకు సరిపోయే జతను ఎంచి, ఉంగరం చుట్టూ పెట్టి రెండు అరచేతులతో నొక్కిపట్టి తిప్పారు. అప్పటికీ రాకపోతే మరల సందున ఒక నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలేశారు. మరుసటి రోజు వేడి నీటిలో ముంచి పిండిన గుడ్డను బయటి ఉంగరానికి మాత్రమే చుట్టారు. 62 మిల్లీమీటర్ల ఇత్తడి ఉంగరం 40 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే వెడల్పవుతుంది. ఆ మాత్రం చాలింది. ముందు భాగానికి మాత్రం ఈ వేడి ఉపాయం వాడకూడదని హెచ్చరించారు, ఎందుకంటే అక్కడి గాజులను అంటించిన కెనడా బాల్సం అనే చెట్టు జిగురు వేడికి మెత్తబడి గాజులు ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోవచ్చు.

ప్రతి గాజును తీసే ముందు దాని అంచు మీద పెన్సిలుతో ఒక చిన్న బాణపు మొన గీశారు, మొన కెమెరా ముందు వైపు ఉన్న వస్తువును చూపేటట్టు. ఆ గీత గీయబోతూనే ఆగి, నన్ను దగ్గరికి పిలిచి భూతద్దం ఇచ్చారు. అంచు మీద, గరుకు గాజు పైన, పెన్సిలుతో రాసిన సంఖ్య ఉంది. గొట్టం మీద చెక్కిన సంఖ్యతో మొదటి అంకెలు సరిపోయాయి, అరిగిపోయిన చివరి రెండు అంకెలూ దీనిలో స్పష్టంగా ఉన్నాయి. గాజులు కలిసిపోకుండా తయారీ కర్మాగారంలోని పనివాళ్ళు ఇలా రాసుకొనేవారు. ఆ పెన్సిలు గీత చూసినప్పుడు నాకు మాట రాలేదు. నా తొందర వల్ల చెరిగిపోయిందనుకున్న సంఖ్య, నూరేళ్ళకు పైగా ఎవరి కంటా పడకుండా లోపల భద్రంగా ఉంది.

మసక బొమ్మకు కారణం కూడా అక్కడే దొరికింది. పెట్జ్వాల్ తొలి నమూనాలో వెనక భాగంలోని పుటాకారపు ఫ్లింట్ గాజు (సీసం కలిసినది) ముందుగా వచ్చి, తరవాత గాజుల మధ్య ఎడం ఉంచే ఉంగరం, ఆ తరవాత రెండు వైపులా ఉబ్బిన క్రౌన్ గాజు (సీసం లేనిది) రావాలి. మునుపటి దుకాణంలో వీటిని తీసి తిరిగి పెట్టినప్పుడు వరస తారుమారు చేశారు. తయారీదారులందరూ ఒకే వరస పాటించలేదు కాబట్టి ఆయన వెంటనే నిర్ణయానికి రాలేదు. రెండు వరసలూ బిగించి, కిటికీ అవతల ఉన్న ఒక బోర్డు మీది అక్షరాలను పలుచని కాగితం మీదికి రప్పించి, ఏది తేటగా ఉందో నన్నే చూసి చెప్పమన్నారు. సరైన వరసలో అక్షరాలు ఒక్కసారిగా నల్లగా, కోసినట్లుగా నిలబడ్డాయి. నాలుగేళ్ళుగా పాడైపోయిందని నేను బాధపడిన లెన్సుకు అసలు జబ్బే లేదు.

గాజుల శుభ్రత గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదడం, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, తడిపిన దూదిని బరువు పెట్టకుండా గాజు మీద దొర్లించడం, ప్రతి దొర్లింపుకూ దూది మార్చడం. సీసం కలిసిన ఫ్లింట్ గాజు మెత్తనిది, పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడుతుంది. బూజు పోయింది, బూజు తిన్న చోట వెంట్రుకల్లాంటి సన్నని గాట్లు రెండు మిగిలాయి, అవి బొమ్మలో కనిపించవు.

ముందు గాజుల జత విషయంలో మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. అంటించిన బాల్సం అంచు పొడవునా మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర విడిపోయి, మంచు పొరలా మెరుస్తూ ఉంది. దానిని కరిగించి గాజులు విడదీసి కొత్తగా అంటించవచ్చు. నేను చేయమన్నాను, ఆయన వద్దన్నారు. విడదీసేటప్పుడు పాత గాజు పగిలే అపాయం ఎప్పుడూ ఉంటుంది, తిరిగి అంటించేటప్పుడు రెండు గాజుల మధ్యరేఖలు వెంట్రుకవాసి తప్పినా మధ్యభాగపు తేట పోతుంది, విడిపోయిన అంచు సగానికి పైగా ఉంగరం చాటునే ఉంది. నేను ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించి ఆయన మాటే నిజమని ఫోనులో చెప్పాను. అదే గాజు పైముఖం మీద నెమలి మెడ రంగులో పలుచని నీలపు పొర ఉంది, దానిని కూడా ముట్టుకోలేదు. థియోడలైట్లకు పేరుపడ్డ యార్క్ నగరపు కుక్ సంస్థలో పనిచేసిన డెన్నిస్ టేలర్ 1890ల్లో ఒక వింత గమనించాడు: ఇలా కాలానికి రంగు తిరిగిన కటకం కొత్త కటకం కంటే ఎక్కువ వెలుగును లోపలికి పంపుతోంది. ఈనాటి లెన్సుల మీద కనిపించే రంగు పూతలకు ఆలోచన మొదలైంది అక్కడే. కుక్ పరికరాలు తన తండ్రి బల్ల మీద ఎన్నో చూశానని పెద్దాయన చెప్పారు.

ఇక ఇత్తడి. కిరోసిన్, పాత పళ్ళ బ్రష్‌తో మరల్లోని ఎండిన గ్రీజు తీశారు. గొట్టాన్ని గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి వెంటనే ఆరబెట్టారు. పచ్చని చిలుము కట్టిన చుక్కలను వెదురు పుల్ల మొనతో, ఒక్కొక్కటిగా, లక్క లేవకుండా గీకి తీశారు; దీనికే రెండు పూటలు పట్టిందట. లోపలి గోడల మీద రాలిపోయిన నల్లరంగు స్థానంలో దీపపు మసిని లక్క ద్రావణంలో కలిపి, రాలిన చోట్ల మాత్రమే పూశారు. పాతకాలపు పద్ధతి ఇదే, అచ్చంగా కాటుక పట్టినట్లే మసి పట్టి కలుపుతారు. పైన ఎక్కడా మెరుగు పెట్టలేదు. చింతపండు పుణ్యమా అని పూత పూర్తిగా పోయిన ముందు తొడుగుకు మాత్రం, పోగొట్టడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, వేడిచేసి పలుచగా కొత్త లక్క వేశారు. గొట్టం మీద పూత లేని చోట్ల తేనెమైనం రాసి గుడ్డతో తుడిచారు.

ఆ తొడుగు అంచున వెంట్రుకంత పగులు ఒకటి ఉంది. అంగడిలో దొరికే ఇత్తడి మెరుగు ద్రవాలు ఎప్పుడైనా వాడారా అని ఆయన అడిగారు. మా ఇంట్లో వాడిన గుర్తుంది. అమోనియా కలిసిన ద్రవాలు వద్దంటే వద్దన్నారు. రేకును సాగదీసి, వంచి చేసిన ఇత్తడిలో బిగువు లోపలే దాగి ఉంటుంది, దానికి అమోనియా తోడైతే లోహం తనంతట తాను చీలుతుంది. ఈ సంగతి బయటపడింది మన దేశంలోనే: బ్రిటిష్ ఇండియా సైన్యం గుర్రపుశాలల్లో నిలవ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వానకాలం వచ్చేసరికి చీలిపోయేవి, అందుకే దానికి సీజన్ క్రాకింగ్ అన్న పేరు వచ్చింది, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా కారణమని 1921లో తేలింది. మా తొడుగు పగులుకు అదే కారణమని రుజువు చేయలేము కానీ, అనుమానం చాలు. తొడుగుకు ఉన్న సొట్టను ఆయన చెక్క దిమ్మ మీద పెట్టి ముప్పావు వంతు సరిచేసి, పగులు పెరుగుతుందని మిగతాది వదిలేశారు.

నేను అడగకుండానే చేసిన పని ఒకటుంది, దానికి ప్రత్యేకంగా కృతజ్ఞుణ్ణి. పోయిన వాటర్‌హౌస్ రేకుల స్థానంలో పలుచని ఇత్తడి రేకుతో ఒకటి కోసి, నల్లరంగు వేసి ఇచ్చారు. అది ఎఫ్ 5.6 రేకు; నాభ్యంతరం 210ని 5.6తో భాగిస్తే ద్వారం 37.5 మిల్లీమీటర్లు రావాలి. కానీ రేకు కూర్చునేది ముందు గాజుల వెనక. ఆ గాజులు రంధ్రాన్ని పెద్దదిగా చూపుతాయి కాబట్టి అసలు రంధ్రం అంతకంటే చిన్నదిగా ఉండాలి. ఎంత చిన్నదో తెలుసుకోవడానికి ఆయన లెన్సు వెనక నాభి (ఫోకస్ బిందువు) వద్ద సూదిబెజ్జమంత వెలుగు పెట్టి, ముందు నుంచి సమాంతరంగా వచ్చే వెలుగు వలయాన్ని కాగితం మీద కొలుస్తూ, రంధ్రాన్ని ఆకురాయితో కొంచెం కొంచెం పెద్దది చేశారు. వలయం 37.5కు చేరినప్పుడు ఆపారు.

లోపాలు కూడా చెప్పాలి. మూడు వారాలన్న పని ఏడు వారాలు పట్టింది. ఆలస్యమవుతుందని తానుగా ఒక్కసారి కూడా ఫోను చేయలేదు, నేను చేసినప్పుడు మాత్రం దాచకుండా ఎంతవరకు వచ్చిందో చెప్పారు. విప్పే ముందు, తరవాత ఫోటోలు తీసి ఉంచే అలవాటు ఆయనకు లేదు. ఇంత జాగ్రత్త గల మనిషి ఆ ఒక్క పని కూడా చేస్తే, ముందు ముందు ఈ లెన్సును విప్పబోయేవారికి అది పెద్ద ఆధారమయ్యేది. అందువల్ల అక్కడ ఇచ్చేవారు ముందుగా తామే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకొని, సంఖ్య రాసుకొని వెళ్ళాలి. ఫోకస్ తిప్పే పళ్ళచక్రం ఇప్పటికీ కొద్దిగా వదులుగా ఉంది. అరిగిన పళ్ళను పూడ్చడం తన వల్ల కాదని, కొత్త చక్రం కోయించాలంటే వేరే లేతు పనివాడు కావాలని ముందే చెప్పారు కాబట్టి దానిని తప్పుగా కాదు, పరిమితిగా చూస్తున్నాను. రసీదు ఇవ్వరు. కొరియరులో పంపితే తీసుకోరు, మనిషి స్వయంగా తీసుకొని వెళ్ళాలి. కొత్త ఆటోఫోకస్ లెన్సుల జోలికి ఆయన పోరు.

మొత్తం 4,600 రూపాయలు తీసుకున్నారు. అందులో సగం ముందుగా, సగం పని చూశాక. ఏడు వారాల్లో ఎన్ని గంటలు ఈ లెన్సు మీద పోయాయో ఊహిస్తే అది చాలా తక్కువ. వాటర్‌హౌస్ రేకుకు వేరే ఇస్తానంటే తీసుకోలేదు.

తెచ్చిన వారంలోనే నాన్నగారిని వరండాలో కూర్చోబెట్టి, ఫోటో కాగితాన్నే నెగటివ్‌గా పెట్టి, లెన్సు మూత ఒక సెకను తీసి మూశాను. ఆ కొత్త రేకుతోనే తీశాను. కళ్ళు, కళ్ళజోడు ఫ్రేము, కనుబొమ్మల్లో ఒక్కో తెల్ల వెంట్రుక తేటగా వచ్చాయి. చెవుల దగ్గర నుంచి బొమ్మ మెత్తబడుతూ పోయింది, వెనక ఉన్న మందారపు కొమ్మలు రేకు లేకుండా గ్రౌండ్ గ్లాస్ మీద చూసినంత కాకపోయినా అంచుల్లో సుడి తిరిగాయి. తాతగారు తీసిన పాత ఫోటోల్లోని మనుషుల వెనక కూడా ఇదే సుడి ఉంటుంది. అది అప్పటి పరదా ముడతలనుకొనేవాణ్ణి.

లెన్సు ఇప్పుడు గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ సంచితో పాటు ఉంటోంది. గొట్టం ఒక వైపు లేత బంగారు రంగు, మరో వైపు గోధుమ రంగు, మునుపు మెరుగు పెట్టిన ఉంగరం మెల్లగా నల్లబడుతోంది. మొన్నటి దసరాకు దానిని పూజలో పెట్టినప్పుడు, అమ్మ తడిగుడ్డ కూడా తగలనివ్వకుండా, పసుపు కుంకుమలు కెమెరా చెక్కకు పెట్టింది.